బుజ్జమ్మకు మావయ్య ఉత్తరం

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు మాత్రం రాత్రి పదకొండు దాకా ఆఫీసులోనే ఉంటున్నావని మీ అమ్మ దిగులు పడుతోంది. వేళకి అన్నం తినకపోతే బుర్ర ఎలా పనిచేస్తుందే? సరే, దాని గురించి ఫోన్లో తిడతాను. ముందు నువ్వడిగిన దానికి జవాబు.

మీ పాత బిల్లింగ్ ప్రోగ్రాము విజువల్ బేసిక్ 6 (వీబీ 6)లో ఉంది, కొత్త స్క్రీన్లు డాట్‌నెట్‌లో రాయమన్నారు, రెంటినీ ఎలా కలపాలో మైక్రోసాఫ్ట్ ఎక్కడా సరిగ్గా చెప్పలేదని రాశావు. చెప్పింది తల్లీ. కాకపోతే ఒకచోట కాదు, ఒక కాలంలో కాదు. నువ్వు చదివే పేజీ ఏ కాలానిదో చూసుకోకుండా చదివితే ఎలా? నీ తప్పేం లేదులే, ఎవరికైనా తికమకగానే ఉంటుంది.

1998లో వీబీ 6 వచ్చాక అమీర్‌పేటలో కోర్సుల బోర్డుల మీద ఆ పేరే కనిపించేది. మా తరం చాలామందికి మొదటి ఉద్యోగం ఇచ్చింది అదే. 2002లో డాట్‌నెట్ వచ్చింది. అందులోని భాష పేరు విజువల్ బేసిక్కే, లోపల మాత్రం వేరే మనిషి. ఇంటీజర్ 16 బిట్ల నుంచి 32 బిట్లయింది. ఏమీ చెప్పకుండా పంపిన పారామీటరు పాత దాంట్లో బైరెఫ్, కొత్త దాంట్లో బైవాల్. వీబీ 6ని కొనసాగించమని 2005లో వేలమంది సంతకాలు చేసి అడిగారు. మైక్రోసాఫ్ట్ స్వయంగా ఎంవీపీలని గౌరవించినవాళ్లే అందులో ముందు నిలబడ్డారు. కంపెనీ ఒప్పుకోలేదు. 2008 ఏప్రిల్‌తో వీబీ 6 ప్రోగ్రాములు రాసే ఐడీఈకి సపోర్టు ఆగిపోయింది. ఆ కోపం న్యాయమైనదేనని నేనిప్పటికీ అంటాను. భాష వాళ్లదే కావచ్చు, అందులో రాసిన జీతాలూ స్టాకు లెక్కలూ ఊరూరా ఉన్న మామూలు వ్యాపారాలవి.

అయితే ఆగింది ఐడీఈకే. ముఖ్యమైన రన్‌టైమ్ ఫైళ్లకి విండోస్ 11లోనూ సపోర్టు ఉంది. దాని గురించి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సపోర్టు ప్రకటనని నెమ్మదిగా చదువు. ఏ ఓసీఎక్స్ కంట్రోలుకి మద్దతుందో, దేనికి లేదో అందులోనే జాబితా ఉంటుంది. మీ ప్రోగ్రాము వాడే కంట్రోళ్లని దాంతో సరిచూడు. రేపే అంతా ఆగిపోతుందని మీ మేనేజరుని ఎవరైనా భయపెడితే ఆ కాగితం చూపించు.

ఇక కలపడం. దారి కామ్ ఇంటరాప్. వీబీ 6 డీఎల్‌ఎల్ 32 బిట్లదే, 64 బిట్ల ప్రాసెస్‌లోకి నేరుగా ఎక్కదు. కొత్త ప్రాజెక్టుని ఎక్స్86కి పెట్టు. వీబీ 6 నుంచి పిలవాల్సిన డాట్‌నెట్ డీఎల్‌ఎల్‌ని పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ పేజీలు రెగాజ్మ్‌తో రిజిస్టర్ చేయమంటాయి. డాట్‌నెట్ 5, ఆ తర్వాతి వాటిలో అది పనికిరాదు. అక్కడ ఎనేబుల్ కామ్ హోస్టింగ్ అని పెట్టి, బిల్డులో వచ్చిన కామ్‌హోస్ట్ డీఎల్‌ఎల్‌ని రిజిస్టర్ చేయాలి. టైప్ లైబ్రరీ కూడా తనంతట రాదు. నువ్వు రెండు రోజులు తల పట్టుకున్నది ఇక్కడేనని నా అనుమానం. పాత అప్లికేషన్‌లోనే డాట్‌నెట్ ఫారాలు చూపించడానికి ఇంటరాప్ ఫారమ్స్ టూల్‌కిట్ అని ఒకటి ఇచ్చారు, కానీ అది పాత ఫ్రేమ్‌వర్క్ కాలంది. దాని మీద కొత్త ఇల్లు కట్టకు.

ఇంకో మాట. వీబీ 6లో చివరి రిఫరెన్సుని నథింగ్ చేస్తే ఆబ్జెక్టు అప్పుడే పోయేది. డాట్‌నెట్‌లో గార్బేజ్ కలెక్టరుకి తీరికైనప్పుడు పోతుంది. డాట్‌నెట్ కోడు తెరిచిన ఎక్సెల్ పని అయిపోయాక కూడా టాస్క్ మేనేజర్‌లో వేలాడుతుంటే కారణం అదే కావచ్చు. పాత కోడుకీ కొత్త కోడుకీ మధ్య పిలుపులు కూడా తగ్గించు. బిల్లులో ఒక్కో వరుసకీ ఒక్కో కాల్ చేయకు, బిల్లు మొత్తం ఒకేసారి పంపు.

ఇంతవరకూ మైక్రోసాఫ్ట్ చెప్పగలదు. అసలు భయం దీని తర్వాతే. వీబీ 6లో రౌండ్ ఫంక్షన్ 2.5ని 2 చేస్తుంది. అదే 2.5ని ఫార్మాట్‌తో పైసలు లేకుండా చూపిస్తే 3 వస్తుంది. మీ పాత కోడులో ఏ బిల్లుకి ఏది వాడారో, ఎందుకు వాడారో ఏ కంపెనీ డాక్యుమెంటూ చెప్పదు. ప్రోగ్రాము మొత్తం ఒకేసారి తిరగరాద్దామని నీకు ఉబలాటంగా ఉందని తెలుసు. వద్దు బంగారం. ఒక్క స్క్రీను మార్చు. పాత బిల్లులు తీసుకుని రెండువైపులా నడిపించి, పైసలతో సహా సరిపోయాయో లేదో చూడు. సరిపోయాకే రెండోది ముట్టుకో.

అకౌంట్స్‌లో ఆ లెక్కలన్నీ తెలిసిన పెద్దాయన వచ్చే నెల రిటైరవుతున్నారన్నావు కదా. సోమవారమే వెళ్లి ఆయన పక్కన కూర్చో. డిస్కౌంటు ముందా, పన్ను ముందా, తిరిగొచ్చిన సరుకు ఏ తేదీలో వేస్తారు, అన్నీ అడిగి రాసుకో. కోడు చదివితే తెలుస్తుందిలే అనుకోకు. ఆయన చెప్పిందానికీ కోడుకీ పొంతన లేనిచోట గుర్తు పెట్టి నాకు పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మావయ్య