డేరాలతో కాశీయాత్ర : ఏనుగుల వీరాస్వామయ్యగారి దినచర్య

వేసవి సెలవులు రాగానే మన విడీ ఘర్కుల్‌లో అనేక గృహములకు తాళములు పడును. మగ్గముల పని చేయు తండ్రులును, బీడీలు చుట్టు తల్లులును నాలుగు దినములు పని మాని, పిల్లలను వెంటబెట్టుకొని తెలంగాణమునందలి స్వగ్రామములకు పోవుదురు. షోలాపురమునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. ఉదయమున బస్సెక్కినవారు నల్దుర్గము, ఉమర్గా, జహీరాబాదు, సంగారెడ్డి దాటి సాయంకాలమునకు ముందే అచట దిగుదురు. బడి తెరచిన దినమున నేను పిల్లలను "సెలవులలో ఏమి చూచితిరి?" అని యడిగినచో, "ఊరికి పోయి వచ్చితిమి" అను నొక్క వాక్యముతో సరిపుచ్చుదురు. ఆ యొక్క వాక్యమే యీ వ్యాసమునకు కారణము.

ఇంచుమించు రెండువందల యేండ్ల క్రిందట ఒక తెలుగు గృహస్థు భార్యతోను తల్లితోను కలిసి, డేరాలు వేసికొనుచు, కొండలు, అడవులు, నదులు దాటి కాశికి పోయి వచ్చెను. ఆయన ఒక్క వాక్యముతో సరిపుచ్చలేదు. ఒక గొప్ప గ్రంథమే వ్రాసెను. తలిదండ్రులు ఆ కథను ముందు తాము చదివి, పిమ్మట పిల్లలకు చదివి వినిపింపవలెనని నా ప్రార్థన.

1. యాత్రికుడు

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణమునందలి సుప్రీము కోర్టులో దుబాసీ యుద్యోగము చేసెడివారు. దుబాసీ యనగా రెండు భాషల నడుమ వారధివంటివాడు. ఒకరి మాటను మరియొకరి భాషలో చెప్పుటయే ఆయన జీవనోపాధి. 1830 మే 18వ తేదీ మంగళవారము రాత్రి ఆయన చెన్నపట్టణము విడిచిరి. 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. పిల్లలు పంచాంగమును చూచి లెక్కించినచో అది 473 దినములని తేలును.

తల్లి, భార్య, పరివారము, పల్లకీలు మోయు బోయీలు, సామాను మోయు కావటివాండ్రు కలిసి సుమారు నూరుగురు ఆ యాత్రలో నుండిరి. ఇది కేవలము ఆడంబరమని తలపరాదు. మన దేశమున మొదటి ప్రయాణీకుల రైలు బొంబాయినుండి ఠాణాకు నడచినది 1853లో. మన షోలాపురమునకు రైలు వచ్చినది 1860లో. వీరాస్వామయ్యగారి కాలమున రైలు లేదు, తంతి లేదు. జబల్పూరు ప్రాంతపు బాటలలో బాటసారులను నమ్మించి చంపెడి థగ్గుల భయముండెను; వారిని పట్టుకొను పనిని స్లీమన్ దొర ఆ సంవత్సరములలోనే సాగించుచుండెను. కావున బాటపట్టినవారికి గుంపే రక్షణ.

2. మార్గము

చెన్నపట్టణమునుండి తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరిరి. అచటినుండి ఉత్తరముగా నాగపురము, జబల్పూరు, మిరిజాపురము, ప్రయాగ, పిమ్మట కాశి. మరలునపుడు గయ, కలకత్తా, పూరీ జగన్నాథము చూచి, సముద్రతీరపు దారిని ఆంధ్రదేశముగుండ చెన్నపట్టణము చేరిరి.

హైదరాబాదు, నాగపురముల నడుమ దూరము నేటి రాజమార్గమున సుమారు 500 కిలోమీటర్లు. వారు ఆ దారిని వర్షాకాలమున నడచిరి. నల్లరేగడి నేల తడిసిన పిమ్మట కాలు తీసి కాలు వేయుట యెంత కష్టమో షోలాపురమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన చుట్టును ఉన్నది ఆ నేలయే గదా!

3. మజిలీ

మజిలీ యనగా దినపు ప్రయాణము ముగించి బసచేయు చోటు. దూరమును ఆమడలలో లెక్కించెడివారు. ఆమడ యనగా ప్రాంతమును బట్టి 8 మొదలు 10 మైళ్లు. ఊరిలో సత్రమున్న సత్రమున దిగుట, లేనిచో చెట్లనీడను నీటివసతి చూచుకొని డేరాలు వేయుట. మరునాడు డేరాలు విప్పి, మూటలు గట్టి, మరల నడక. గృహిణులకు ఇది యెట్టి కాపురమో తల్లులు ఊహింపగలరు. నేడు వెలిగించిన పొయ్యి రేపు ఉండదు. నిన్న దొరకిన బియ్యము నేడు దొరకునో దొరకదో తెలియదు. ఇంటిలో ఒక దినము నీరు రాకున్ననే మనము కలత చెందుదుము; ఆ యిల్లాలు 15 మాసములకు పైగా దారిలోనే దినములు గడపెను.

ఆస్ట్రేలియా ఖండపు నడిమి భూములు నేటికిని మిక్కిలి నిర్జనములు. అచట భార్యాభర్తలు మోటారు బండిలో డేరాయు వంటసామానును పెట్టుకొని వారములకొలది తిరుగుట కలదు. కొన్ని దారులలో ఒక పెట్రోలు బంకునకు మరియొక బంకునకు నడుమ వందలకొలది కిలోమీటర్లుండును. అందుచే వారు నీరెంత, నూనెయెంత, తిండియెంత యని ముందుగా లెక్కచూచుకొనక కదలరు. బండి మారినది గాని లెక్క మారలేదు. నీరు, ఆహారము, బస, తరువాతి మజిలీ దూరము - ఈ నాలుగును తెలిసినవాడే బాటసారి. వీరాస్వామయ్యగారు తమ గ్రంథమున అడుగడుగునను వ్రాసిపెట్టినవి ఇవియే. ఏ యూరిలో అంగళ్లు గలవు, నీటివసతి యెట్టిది, దారి గట్టిదా బురదయా, ఏ సరకు దొరకును, జనులు ఏ భాష మాటలాడుదురు, వారి ఆచారములేమి యని తరువాత రాబోవువానికి చేయి పట్టి దారి చూపినట్లు వ్రాసిరి.

4. ఏ భాషలో వ్రాసిరి?

చెన్నపట్టణమున కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రుడుండెను. దారిలోని విశేషములను వీరాస్వామయ్యగారు ఆయనకు వ్రాసి పంపుచుండిరి. అవియే "కాశీయాత్ర చరిత్ర" యైనవి. వీరాస్వామయ్యగారు 1836లో మరణించిరి. 1838లో గ్రంథము అచ్చయినది. తెలుగున అచ్చయిన తొలి యాత్రాగ్రంథములలో ఇది యొకటి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దీనిని పరిష్కరించి మరల ప్రకటించిరి.

తలిదండ్రులు ఇచట ఒక క్షణము నిలువవలెను. "తెలుగు చదివిన మా పిల్లవానికి ఉద్యోగమెక్కడిది?" అని మీలో పలువురు నన్నడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. ఈ రాష్ట్రమున మరాఠీ రానివానికి బ్రతుకు కష్టము. ఇంగ్లీషు రానివానికి పైచదువు కష్టము. మన పేట పేరులోని విడీ, ఘర్కుల్ అను రెండు మాటలును మరాఠీయే. ఆ భాషలు పిల్లలు చక్కగా నేర్వవలెనని నేనే ముందుగా చెప్పుదును. వీరాస్వామయ్యగారు ఇంగ్లీషుతో అన్నము తినిన మనుష్యుడు. ఐనను తాను కన్నదియు తన మనస్సునకు తోచినదియు మిత్రునకు చెప్పవలసివచ్చినపుడు తెలుగుననే వ్రాసిరి. ఒక భాష మరియొక భాషకు శత్రువు కాదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

5. వ్రాయబడని యాత్రలు

ఐనను ఒక మాట దాచరాదు. పల్లకి నెక్కినవారి యాత్ర మనకు దక్కినది. పల్లకిని మోసినవారి యాత్ర దక్కలేదు. దారిలోని ప్రతి ఱాయియు వారి పాదములకు తెలియును. కాని వారు వ్రాసిన గ్రంథము మనకు లేదు.

మన పూర్వుల సంగతియు అట్టిదే. షోలాపురమున మొదటి బట్టలమిల్లు 1877లో నెలకొన్నది. మగ్గములను, మిల్లులను నమ్ముకొని తెలంగాణమునుండి మన కుటుంబములు తరతరములుగా వచ్చినవి. మా తాతగారు నిజాము పరిపాలన దినములలో మా అవ్వను, చంటిబిడ్డను వెంటబెట్టుకొని కాలినడకను వచ్చిరని మా నాయన చెప్పెడివాడు. ఎన్ని దినములు నడచిరి, ఏ చెట్టుక్రింద వండుకొనిరి, ఎవరు గంజి పోసిరి యని నేను అడుగలేదు. అడుగవలెనని బుద్ధి పుట్టునప్పటికి మా నాయన లేడు. కాశికి పోయిన దంపతుల ప్రతి మజిలీయు నాకు తెలియును. నా సొంత అవ్వ తాతల మజిలీ ఒక్కటియు తెలియదు. ఇది చదువుకొన్నవాని లోపమే గాని వారి లోపము కాదు.

మీ యిండ్లలో ఇంకను పెద్దలున్నారు. వారు చెప్పునది తెలుగుననే. తెలుగు వ్రాయగల పిల్లవాడు ఇంటనుండిననే ఆ మాటలు కాగితముపైకి వచ్చును. మన బడి నిలువవలెనని నేను కోరుటకు గల కారణములలో ఇది చిన్నది కాదు.

6. అభ్యాసము

ఈ పని తలిదండ్రులును పిల్లలును కలిసి చేయవలెను.

(1) ఇంటిలోని మిక్కిలి పెద్దవారిని అడిగి, మీ కుటుంబము షోలాపురమునకు ఏ యూరినుండి, ఎట్లు, ఏ దారిని వచ్చినదో ఒక పుటలో వ్రాయుడు.

(2) వచ్చు సెలవులలో స్వగ్రామమునకు పోవునపుడు ఒక చిన్న పుస్తకమును వెంట తీసికొనిపొండు. బస్సు ఆగిన ప్రతి యూరి పేరును, ఆగిన వేళను, అచట వినబడిన భాషను వ్రాయుడు. మరాఠీ, కన్నడము, ఉర్దూ, తెలుగు ఎచట వినబడెనో గుర్తింపుడు.

(3) ఊరినుండి ఇచటి స్నేహితునకు ఒక ఉత్తరము తెలుగున వ్రాయుడు. నాలుగు పంక్తులైనను చాలును.

బడి తెరచిన దినమున "ఏమి చూచితిరి?" అని నేను మరల అడుగుదును. ఈసారి ఒక్క వాక్యము చాలదు. పుస్తకము చేతబట్టుకొని రండు.