చిట్టా, ఆవర్జా, వెబ్‌హుక్

మొన్న సెమిస్టర్ సెలవుల్లో మా బాబాయి నాకొక పని అప్పజెప్పాడు. ఆయన నరసరావుపేటలో ఈఏపీసెట్ కోచింగ్ నడుపుతాడు. మూడు బ్యాచ్‌లు, నూట నలభై మంది దాకా పిల్లలు. "ఒరేయ్, సీఎస్‌ఈ చదువుతున్నావు కదా, ఈ ఫీజుల గోలంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి పుణ్యం కట్టుకో" అన్నాడు. వారం రోజుల పని అనుకున్నా. సెలవులు అయిపోయాక ఆదివారాలు కూడా కలుపుకొని రెండు నెలలు పట్టింది. అందులో కోడ్ రాయడానికి పట్టిన టైమ్ తక్కువ, ఆ కోడ్ చేసిన తప్పు దిద్దడానికి పట్టింది ఎక్కువ.

మనలో చాలామందికి ఇలాంటి పని ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ట్యూషన్, హాస్టల్, డాన్స్ క్లాస్, ఏదైనా లెక్క ఒకటే. అందుకని నేర్చుకున్నది వరసగా చెబుతాను.

బాకీ అనే కాలమ్ పెట్టకండి

మొదట నేను స్టూడెంట్ టేబుల్‌లో 'బాకీ' అని ఒక కాలమ్ పెట్టాను. డబ్బు కట్టినప్పుడల్లా అందులోంచి తీసేయడం. మూడో రోజే దొరికిపోయా. "ఈ పిల్లాడికి 4,000 బాకీ ఎలా వచ్చింది?" అని బాబాయి అడిగితే జవాబు లేదు. అంకె ఉంది గానీ, అది ఎలా వచ్చిందో చెప్పే దారి లేదు. రాయితీ ఇచ్చారా, జమ తప్పు పడిందా, ఎవరికి తెలుసు?

అప్పుడు బాబాయి అటక మీంచి మా తాతయ్య కొట్టు లెక్కల పుస్తకాలు దింపాడు. రెండు రకాలు. చిట్టాలో ఏ రోజు ఏం జరిగిందో జరిగిన వరసలో రాస్తారు. ఆవర్జాలో మనిషికో పేజీ ఉంటుంది, చిట్టాలోంచి చూసి అందులోకి ఎక్కిస్తారు. చిట్టాలో తప్పు పడితే చెరపరు. కొట్టేసింది కూడా చదవగలిగేలా ఒక గీత గీసి, కింద సరైనది రాస్తారు. డీబీఎంఎస్‌లో మనం చదువుకునే లాగ్, దానిమీద కట్టే వ్యూ అచ్చంగా ఇవే.

ఆ రాత్రే టేబుల్స్ మార్చేశా. వాయిదాలు, జమలు, రాయితీలు, వాపసులు, ఇవన్నీ చిట్టా. వీటిలో కొత్త వరస చేర్చడమే తప్ప మార్చడం, తీసేయడం లేదు. తప్పు పడితే దానికి ఎదురు ఎంట్రీ. బాకీ ఎక్కడా దాచను. అడిగినప్పుడల్లా వాయిదాల మొత్తంలోంచి జమలు, రాయితీలు తీసి చూపిస్తా. అదే ఆవర్జా. వాపసు కూడా ఇందులోనే ఇమిడిపోతుంది. కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి తగ్గ ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. చరిత్ర లేని బాకీ కాలమ్‌తో ఆ లెక్క వేయడం చాలా కష్టం.

పైసలు పూర్ణాంకాల్లో

డబ్బుని ఫ్లోట్‌లో దాచకండి. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది. పైసల్లోకి మార్చి ఇంటీజర్‌గా పెట్టుకోండి. భాగహారంలోనూ జాగ్రత్త. పన్నుతో కలిపి 20,000 ఫీజుని మూడు వాయిదాలు చేస్తే ఒక్కోటి 6,666.67. మూడూ కలిపితే 20,000.01. ఆ ఒక్క పైసా కోసం ఆడిటర్ గారు ఫోన్ చేస్తారు. 6,667, 6,667, 6,666 అని పంచితే గొడవ లేదు.

ఈ డబ్బు ఎవరిది?

గోడకి అంటించిన క్యూఆర్ కోడ్‌తో డబ్బు వస్తుంది, కానీ ఏ పిల్లాడిదో తెలీదు. మేనమామ ఫోన్‌లోంచి వస్తుంది, ఊళ్ళో కిరాణా కొట్టాయన ఫోన్‌లోంచి వస్తుంది. ఆఫీసులో కూర్చునే అక్క రోజూ సాయంత్రం వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ముందు పెట్టుకుని పేర్లు కలుపుతూ ఉండేది. స్క్రీన్‌షాట్‌ని సాక్ష్యంగా తీసుకోకూడదు, దాన్ని ఎవరైనా తయారు చేయొచ్చు. 12 అంకెల యూటీఆర్ నంబరు మన బ్యాంకు ఖాతాలో కనిపించాలి.

దీనికి మందు, వాయిదాకో లింక్. అందులోనే ఎంత కట్టాలో, ఏ రిఫరెన్స్ నంబరో ఉంటాయి. ఎవరి ఫోన్‌లోంచి కట్టినా ఆ రిఫరెన్స్ వెనక్కి వస్తుంది. డబ్బు పడగానే పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కి కబురు పంపుతుంది. అదే వెబ్‌హుక్. దీనితో మూడు జాగ్రత్తలు. ఒకటి, కబురు నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందా అని సిగ్నేచర్ సరిచూడాలి. రెండు, ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, అందుకని పేమెంట్ ఐడీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాలి. మూడు, అసలు రాకపోవచ్చు కూడా. కాబట్టి రోజూ రాత్రి గేట్‌వే లిస్టుని మన జమలతో కలిపి చూడాలి.

యూపీఐ ఆటోపే పెడదామా అనుకున్నాం. ఒకసారి అనుమతి ఇస్తే 15,000 దాకా ప్రతి వాయిదాకీ పిన్ అడగకుండా డబ్బు కట్ అవుతుంది. కనీసం 24 గంటల ముందు కబురు వెళ్ళాలని ఆర్‌బీఐ నియమం. కానీ మా దగ్గర చాలా ఇళ్ళలో మిర్చి అమ్ముడుపోతేనే చేతిలో డబ్బు. తేదీ చూసి కట్ చేస్తే ఖాతాలో ఏమీ ఉండదు. వద్దనుకున్నాం.

పొద్దున్న ఆరింటి మెసేజ్

ఇంతవరకూ బానే ఉంది. నేను చేసిన తప్పు రిమైండర్లలో.

గడువుకి మూడు రోజుల ముందు ఒకటి, గడువు రోజు ఒకటి, ఐదు రోజుల తర్వాత ఒకటి. పొద్దున్న ఆరింటికి వాటంతటవే వెళ్ళేలా పెట్టాను. మూడో మెసేజ్ మాటలు నెట్‌లో ఎక్కడో చూసి ఎత్తేశా: "ఫీజు చెల్లించనిచో తరగతికి అనుమతించబడదు."

సంక్రాంతి తర్వాత రెండో వాయిదా గడువు దాటింది. లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో ఒకమ్మాయి వాళ్ళ తాత అప్పటికే బజార్లో బాబాయి కనిపిస్తే 6,700 చేతిలో పెట్టి, "చిల్లర తర్వాత చూసుకుందాంలే మాస్టారూ" అన్నాడట. బాబాయి జేబు డైరీలో రాసుకున్నాడు. ఆఫీసుకి వచ్చి అక్కకి చెప్పడం మర్చిపోయాడు. నా సిస్టమ్ లెక్కలో ఆ డబ్బు లేదు. ఇంకో సంగతి, అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రుల నంబరు దగ్గర ఆ అమ్మాయి తన నంబరే రాసింది. మూడో మెసేజ్ తన ఫోన్‌కే వెళ్ళింది. తాత డబ్బు కట్టలేకపోయాడనుకుంది. ఇంట్లో అడగలేదు. తలనొప్పి అని చెప్పి రెండు రోజులు క్లాసుకి రాలేదు.

మూడో రోజు ఆదివారం, నేను అక్కడే ఉన్నా. తాతగారు ఆఫీసుకొచ్చారు. గొంతు పెంచలేదు. "మాస్టారూ, డబ్బు మీ చేతికే ఇచ్చాను గదా. లేదనిపిస్తే నన్నడగొచ్చు. పిల్లకి చెప్పించారేంటి?" అన్నారు. బాబాయి లేచి నిలబడి తప్పయిపోయిందన్నాడు. నేను వెనక కంప్యూటర్ ముందు కూర్చుని స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయా.

సాయంత్రం బాబాయి నన్ను తిట్టలేదు. "బాకీ అడగడం నాకు అలవాటేరా. కానీ మనిషిని చూసి అడుగుతాను. కొందర్ని గడువుకి ముందే అడగాలి, కొందర్ని పంట అమ్మేదాకా అడక్కూడదు. ఇదంతా నీకు చెప్పకుండా పని అప్పజెప్పా" అన్నాడు. అడగకుండా మొదలుపెట్టింది మాత్రం నేను.

ఏం మార్చానంటే

నగదు ఎవరు ఎక్కడ తీసుకున్నా రసీదు సిస్టమ్‌లోంచే రావాలి. బాబాయి ఫోన్‌లోనే పేరు, మొత్తం కొడితే రసీదు వెంటనే ఇంటికి వెళ్ళిపోతుంది. ఎంట్రీ లేకుండా రసీదు ఉండదు కాబట్టి ఎంట్రీ మర్చిపోవడమూ ఉండదు.

రిమైండర్లు వాటంతటవి వెళ్ళవు. సాయంత్రం ఐదింటికి ఒక లిస్టు తయారవుతుంది. అక్క, బాబాయి చూసి, పంపాల్సిన వాళ్ళకే పంపుతారు. ప్రతి పేరు పక్కన 'మాట ఇచ్చిన తేదీ' అని ఒక గడి ఉంది. "మిర్చి అమ్మాక కడతాం" అని ఎవరైనా తేదీ చెబితే ఆ తేదీ దాకా వాళ్ళ పేరు లిస్టులోకే రాదు.

నంబర్లన్నీ మళ్ళీ కనుక్కున్నాం. ఫీజు మాట పిల్లల ఫోన్‌కి వెళ్ళదు, క్లాస్ గ్రూపులోకి అసలే వెళ్ళదు. మెసేజ్ ఇప్పుడు ఇలా ఉంటుంది: "నమస్కారమండీ. రెండో వాయిదా 6,667 మా లెక్కలో ఇంకా జమ కాలేదు. ఇప్పటికే కట్టి ఉంటే దయచేసి ఈ నంబరుకి చెప్పండి, సరిచూస్తాం." తప్పు మా వైపు కూడా ఉండొచ్చని ఒప్పుకునే మెసేజ్ ఇది. క్లాసుకి రానివ్వడం, రానివ్వకపోవడం అన్న నిర్ణయానికి సాఫ్ట్‌వేర్‌లో బటనే లేదు.

మీకెవరైనా ఇలాంటి పని చెబితే, ముందు ల్యాప్‌టాప్ తెరవకండి. వారం రోజులు ఆ ఆఫీసులో కూర్చోండి. డబ్బు ఎన్ని దారుల్లో వస్తోందో, ఎవరి జేబు డైరీలో ఏముందో చూడండి. నేను చివర్న చేసిన పని అది, మొదట చేయాల్సింది.

బాబాయి జేబులో డైరీ ఇప్పటికీ ఉంది. ఆదివారం సాయంత్రం అక్క దాన్నీ స్క్రీన్‌నీ పక్కపక్కన పెట్టి టిక్కులు కొడుతుంది. తాతగారు అదనంగా ఇచ్చిన 33 రూపాయలు ఆ అమ్మాయి ఖాతాలో ముందస్తు జమగా ఉండిపోయాయి. మూడో వాయిదాకి సిస్టమ్ 6,666 బదులు 6,633 అడిగింది. ఆయన రసీదు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది.