మన పూజ కవర్ ఎక్కడికి వెళ్తోంది? రోడ్డు పక్క కాలువ నుంచి కృష్ణమ్మ దాకా

పోయిన వారం వీడియోలో కలశ పూజ గురించి చెప్పుకున్నాం కదా. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి... ఏడు నదుల్నీ మన చిన్న చెంబులోకి రమ్మని పిలుస్తాం. ఆ వీడియోలో చెప్పలేకపోయిన ఒక విషయం ఇవాళ చెబుతాను. నిజానికి ఇది నా తప్పు.

మేముండేది కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. నిర్మాల్యం చెత్తలో వేయకూడదని చిన్నప్పటి నుంచి విన్నాను. అందుకే వాడిన పూలు, వత్తులు, అగరుబత్తి పుల్లలు కవర్‌లో కట్టి, ఆఫీసుకి వెళ్తూ దారిలో నాలాలో వేసేసేవాణ్ణి. "పారే నీళ్లే కదా" అనుకునేవాణ్ణి. ఒకసారి పెద్ద వాన పడింది. మా వీధి కాలువ పొంగి నీళ్లన్నీ సెల్లార్‌లోకి వచ్చేశాయి. మా వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కూడా అక్కడే. బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ తడిసిపోయాయి. తెల్లారి మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కాలువ మూతి దగ్గర అడ్డుపడిందంతా లాగుతుంటే, మట్టి, సీసాల మధ్య పూజ కవర్లు బయటపడ్డాయి. "గివి రోజూ వస్తయి సార్" అన్నాడు ఒకాయన. ఆ కవర్లు నావే అని చెప్పలేను. కావని కూడా చెప్పలేను. వాచ్‌మన్ మొహం చూడలేకపోయాను.

అసలు ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

మన బాత్రూమ్ నీళ్లు డ్రైనేజీ పైపులో పోతాయి. అవి శుద్ధి కేంద్రానికి చేరాలి. రోడ్డు పక్క వాన నీటి కాలువ వేరు. దానికి పైన జాలీ తప్ప మధ్యలో శుద్ధి ఏమీ ఉండదు. అందులో పడింది పడినట్టే వెళ్తుంది. మా వైపు నీళ్లు కూకట్‌పల్లి నాలా నుంచి హుస్సేన్ సాగర్‌కి, అక్కడ నిండితే మూసీకి వెళ్తాయి.

మూసీ అంటే మురికి కాలువ అనుకుంటాం. దాని అసలు పేరు ముచుకుందా నది. భాగవతం దశమ స్కంధంలో, గుహలో నిద్రపోయి, లేచీ లేవగానే చూపుతో కాలయవనుణ్ణి భస్మం చేసి, కృష్ణ దర్శనం పొందిన ముచుకుందుడి పేరది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, అనంత పద్మనాభ స్వామి ఉన్నచోట పుడుతుంది. నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2016 పుష్కరాల్లో మనవాళ్లు మునిగిన సంగమం అదే! ఆ తర్వాత ఆ నీళ్లే బెజవాడ దుర్గమ్మ కొండ కిందకి వెళ్తాయి.

పూలు నీళ్లలో కుళ్లితే అందులోని ఆక్సిజన్ తగ్గిపోతుంది, చేపలు చచ్చిపోతాయి. నూనె పైన పొరలా పరుచుకుని గాలి లోపలికి పోనివ్వదు. ఇక కవర్ ఏం చేస్తుందో పైన చెప్పాను.

శాస్త్రం ఏమంటుంది?

తైత్తిరీయ ఆరణ్యకంలో, మనం సూర్య నమస్కారాలప్పుడు వినే అరుణ ప్రశ్నలోనే, నీళ్లలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మి వేయకూడదు అని స్పష్టంగా ఉంది. నిర్మాల్యాన్ని తొక్కకూడదు అన్నది గౌరవం కోసం. ఆ గౌరవం నాలాలో ఎక్కడుందండీ?

నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే

1. పూల నుంచి దారం, కవర్, పుల్లలు వేరుచేసి, పూలు మాత్రం అడుగున చిల్లులున్న కుండీలో మట్టితో పొరలుగా వేస్తాను. కొన్ని నెలల్లో ఎరువైపోతుంది. అది బాల్కనీలో మందార మొక్కకి. ఎవరి కాలూ తగలదు.

2. కుందిలో మిగిలిన నూనె సింక్‌లో పోయను. పాత గుడ్డతో తుడిచి చెత్త డబ్బాలో వేస్తాను.

3. వాహన పూజకి కొట్టిన గుమ్మడికాయ, నిమ్మకాయ ముక్కలు కాలువలోకి ఊడ్చకుండా ఏరి తడి చెత్తలో వేస్తాను. బండి పైపుతో కడగను, తడి గుడ్డతో తుడుస్తాను.

4. వినాయకుడు మట్టివాడే. నిమజ్జనం ఇంట్లో బకెట్‌లో. ఆ నీళ్లూ మట్టీ మొక్కలకి.

5. వానలకి ముందు మా వీధి జాలీ మీద చెత్త ఏరుతాం. మూత మాత్రం ఎవరూ తెరవద్దు, లోపలికి దిగొద్దు. ప్రాణాలు పోతాయి. మున్సిపాలిటీకి ఫోన్ చేయండి.

మా వాచ్‌మన్ పిల్లలకి కొత్త పుస్తకాలు కొనిచ్చాను. దాంతో లెక్క సరిపోయిందని అనుకోవట్లేదు. అందుకే ఇది రాశాను.

రేపు కలశంలోకి నదుల్ని పిలిచేటప్పుడు మీ వీధి కాలువని కూడా ఒక్కసారి గుర్తుచేసుకోండి. మీ వీధి నీళ్లు ఏ చెరువుకి, ఏ నదికి చేరతాయో కనుక్కుని కామెంట్స్‌లో రాయండి. వచ్చే వారం కలుద్దాం. జై శ్రీమన్నారాయణ!