పాత బాల్కనీలు... కొత్త కొలువులు

సివిల్ విద్యార్థుల్లో ఎక్కువమంది కొత్త టవర్ల ప్రాజెక్టులవైపే చూస్తారు. మరి 1980లు, 90ల్లో కట్టిన అపార్ట్‌మెంట్ల మాటేమిటి? పెచ్చులూడే బాల్కనీలను పరీక్షించి, బాగుచేసే నిపుణులూ కావాలి. ముంబయిలో 30 ఏళ్లు దాటిన భవనాలకు స్ట్రక్చరల్ ఆడిట్ చట్టప్రకారం తప్పనిసరి.

ఏం తెలిసుండాలి?
గది స్లాబులో ప్రధాన చువ్వలు నడిమి భాగంలో అడుగున ఉంటాయి. బాల్కనీ కాంటిలివర్ (ఒకవైపే ఆధారం ఉండే స్లాబు) కాబట్టి పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కాళ్ల కింద పడి అవి దిగిపోతే బలం తగ్గుతుంది. ఫ్లాటు యజమాని అడుగున ఊడిన పెచ్చులు చూపిస్తాడు. ఇంజినీరు గోడ పక్కన, టైల్స్ కింద దాగిన పగులునూ వెతకాలి. నీరు అక్కడ దిగితే పైచువ్వలే తుప్పు పడతాయి. పైపైన సిమెంటు పూస్తే అది ఆగదు.

పరీక్షలు: గట్టిదనానికి రీబౌండ్ హామర్, లోపలి లోపాలకు అల్ట్రాసోనిక్ పల్స్, తుప్పు అంచనాకు హాఫ్‌సెల్ పొటెన్షియల్. తాజాగా చెక్కిన కాంక్రీటుపై ఫినాఫ్తలీన్ చల్లితే క్షారగుణం ఉన్నచోట గులాబీరంగు వస్తుంది. రంగు రాని లోతు చువ్వల దాకా చేరితే వాటికి రక్షణ పోయినట్టే.

మరమ్మతు: ముందు కింద జాకీలు పెట్టాలి. తర్వాత చెడిన కాంక్రీటు తీసి, తుప్పు వదిలించి, అవసరమైతే కొత్త చువ్వలు ఎపాక్సీతో బిగించి మైక్రోకాంక్రీటు నింపాలి. చివర్లో వాటం, వాటర్‌ప్రూఫింగ్. మొత్తం స్లాబు మార్చాలో లేదో డిజైన్ లెక్కే తేల్చాలి.

దారులు
పది తర్వాత పాలిసెట్‌తో డిప్లొమా, ఇంటర్ తర్వాత బీటెక్ సివిల్, గేట్‌తో ఎంటెక్ స్ట్రక్చర్స్ చేయవచ్చు. చేతిపని నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలు, టెస్టింగ్ ల్యాబులు, రిపేర్ కాంట్రాక్టర్లు, వాటర్‌ప్రూఫింగ్ కంపెనీల్లో ఉద్యోగాలు వెతకవచ్చు.

అమెరికా వెళ్లేవారికి: 2015లో బర్క్లీలో కుళ్లిన చెక్క బాల్కనీ కూలి ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత కాలిఫోర్నియా, కాండోల్లో (ఎవరి ఫ్లాటు వారి సొంతమైన భవనాల్లో) చెక్క ఆధారంతో నిలిచే బాల్కనీలకు 9 ఏళ్లకోసారి తనిఖీ తప్పనిసరి చేసింది. అక్కడ తనిఖీ నివేదికపై సంతకం పెట్టాలంటే డిగ్రీ చాలదు, లైసెన్సు ఉండాలి.

చదువుతున్నప్పుడే కాంక్రీటు నిర్మాణాలకు సంబంధించిన ఐఎస్ 456 కోడ్‌ను క్షుణ్నంగా చదవండి. సెలవుల్లో ఒక మరమ్మతు సైటులో ఇంటర్న్‌షిప్ చేసి, ప్రతి దశనూ ఫొటోలతో నమోదు చేయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితాతోపాటు ఆ ఫైలూ చూపించండి.