విస్తరణ బృందాలలో సందేశ వేదికల వినియోగం

ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ శాఖ క్షేత్ర సిబ్బంది మధ్య నిత్య సంప్రదింపులలో అధిక భాగం నేడు వాట్సాప్ గ్రూపుల ద్వారానే జరుగుతున్నది. అది అందరి ఫోన్లలో ఉండటం, చేలో నుంచే ఫోటో పంపగలగడం దాని బలం. అయితే ఆ వేదిక ప్రధానంగా బంధుమిత్రుల సంభాషణకు రూపొందినది. కార్యాలయ పని అందులో తరువాత వచ్చి చేరింది. తెగులు ఫోటో, సమావేశపు సమయం, నెలవారీ నివేదిక ప్రొఫార్మా, పండుగ శుభాకాంక్షలు ఒకే గ్రూపులో వరుసగా వచ్చిపడితే, సమాధానం కావలసిన ప్రశ్న గంటలోనే కనుమరుగవుతుంది.

2014లో విడుదలైన స్లాక్, 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఈ ఇబ్బందికి వేరొక మార్గం చూపాయి. వీటిలో బృందం ఒక్కటే అయినా సంభాషణ అంశాల వారీగా చానెళ్లుగా విడిపోతుంది. ప్రతి ప్రశ్న కిందనే దాని సమాధానాలు చేరతాయి. కొత్తగా చేరిన అధికారి సైతం చానెల్‌లోని పాత చర్చను చదవగలరు. బదిలీలు సహజమైన శాఖలో ఇది చిన్న సౌలభ్యం కాదు. అయినా మండల స్థాయి సిబ్బంది అందరిచేత మరొక యాప్ వాడించడం తేలిక కాదు. అటువంటి చోట పంటల సమస్యలకు ఒకటి, పరిపాలనకు ఒకటి చొప్పున వాట్సాప్ గ్రూపులను విడదీసి, ప్రతి జవాబును ‘రిప్లై’ ద్వారా మూల ప్రశ్నకు జోడించినా సగం చిక్కు తొలగుతుంది.

మొక్కజొన్నలో కత్తెర పురుగునే తీసుకుందాం. 2018 మే నెలలో కర్ణాటకలో, దేశంలోనే తొలిసారిగా దీనిని గుర్తించారు. నిర్ధారణకు లార్వా తలపై తిరగబడిన ‘వై’ గుర్తు, పొట్ట 8వ ఖండితంపై చతురస్రాకారంలో నాలుగు నల్లమచ్చలు కనబడాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడి మచ్చలు అలుక్కుపోవచ్చు. డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు. గ్రామం, పంట వయసు, అంతకుముందు కొట్టిన మందు ఫోటోతోపాటే రాయాలి. లేనిచో శాస్త్రవేత్త ఎదురు ప్రశ్న వేయవలసి వస్తుంది. ఈలోగా లార్వా మొవ్వులోకి చేరుతుంది, మందు దానికి సరిగా తగలదు.

అన్నింటికంటే ప్రమాదకరమైనది మోతాదు సందేశం. ఈ పురుగుకు ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. లీటరు నీటికి 0.4 గ్రాములు సిఫారసు. టైపు చేయడంలో దశాంశ బిందువు, ముందున్న సున్న జారిపోతే మోతాదు పది రెట్లవుతుంది. గ్రూపులో సందేశాన్ని సవరించినా, అప్పటికే ఫార్వర్డ్ అయిన ప్రతులు మారవు. రైతుల గ్రూపులలో తప్పు అంకే తిరుగుతూ ఉంటుంది. కనుక లీటరుకు 0.4 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటిలో 80 గ్రాములు అని రెండు విధాలుగా రాయడం మేలు. ఒక అంకె తప్పితే రెండవది పట్టిస్తుంది. మందు విషప్రభావానికి లోనైన మనిషి గురించి మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టి ఎదురుచూడరాదు. నేరుగా 108కు ఫోను చేయాలి.

సందేశ వేదికను రికార్డుగా భావించడం మరొక పొరపాటు. ఉచిత స్లాక్‌లో గత 90 రోజుల సందేశాలే కనిపిస్తాయి. 110 రోజుల మొక్కజొన్న కోతకు వచ్చేసరికి విత్తిన నాటి చర్చ అందులో ఉండదు. నిర్ధారణ, ఇచ్చిన సలహా, పదిరోజుల తరువాత చేలో కనిపించిన ఫలితం తేదీలతో సహా కేంద్రం రిజిస్టరులోకి ఎక్కించాలి.