మోటారుకారు రంగుపైని సన్నగీతలు

మోటారుకారు పైరంగుమీద సన్నని గీతలు పడుట సామాన్యము. వానిని జూచి కొందఱు యజమానులు తలుపునంతయు మరల రంగు వేయింప దలంతురు. మఱికొందఱు బజారున దొరకు ప్రతి సీసాను కొని పూయుచుందురు. చాలవఱకు ఈ రెండును అనవసరములే. గీత యనగా నేమో, అది కంటికేల కానవచ్చునో తెలిసికొనినచో, ఇంటియొద్దనే స్వల్పవ్యయముతో దానిని బాపుకొనవచ్చును. మన విద్యార్థులలో కొందఱి యిండ్ల కార్లున్నవి. కొందఱి తండ్రులు కార్లు నడపి జీవించువారు. కావున ఈ విషయమును కొంత వివరముగ వ్రాయుచున్నాము.

నేటి కార్ల రేకుపైన రంగు ఒక్కపొరగా నుండదు. తుప్పు పట్టకుండ గాపాడు పొర రేకునంటి యుండును. దానిమీద ప్రైమరు, ఆపైని రంగు, అన్నిటికంటె మీద రంగులేని వార్నీషు. ఈ వార్నీషునే పనివారు క్లియర్ కోటు అందురు. పొరలన్నియు గలిసినను మిల్లీమీటరులో పదియవ వంతో, అంతకు గొంచెము హెచ్చో యగును. అందు క్లియర్ కోటు సాధారణముగా 40 లేక 50 మైక్రానులు మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. కారు తళుకంతయు వెండ్రుకకంటె పలుచని పొరలో నున్నదన్నమాట!

పూర్వ మిట్లుండెడిది కాదు. తొలినాళ్ల బండ్లకు నూనెవార్నీషులు పూసి, అవి ఆఱుటకు వారములు కాచుకొనెడివారు. 1923లో అమెరికాయందు డ్యూపాంటు కంపెనీవారి డ్యూకో యను త్వరగా ఆఱెడు రంగు వచ్చినది. 1924 నాటి ఓక్లండు కార్లకు దానినే నీలివర్ణమున వేసిరి. అట్టి రంగులకు మెఱుగు పెట్టినపుడు గుడ్డకు రంగంటెడిది. క్లియర్ కోటు గల కార్లు 1980 తరువాతనే సామాన్యమైనవి.

ఇక గీత సంగతి. నున్నని తలము వెలుగును అద్దమువలె ఒక్క దిక్కునకే మరల్చును. గీత యంచులు ఆ వెలుగును నలుదిక్కులకు జెదరగొట్టును. నల్లకారుమీద సన్నగీత తెల్లగా దోచుట ఇందువలననే. అచట తెల్లరంగేమియు లేదు. ఎండలో బానెట్టుమీద సూర్యబింబము చుట్టును సాలెగూటివంటి వలయములు కన్పట్టును గదా. గీతలు అన్నివైపుల నున్నను, బింబమునకు అడ్డముగా నున్నవే మన కంటికి వెలుగును బంపును. అవి గలిసి వలయములుగ దోచును. ఇంట పలుమాఱు తోమిన స్టీలుపళ్లెమును దీపముక్రింద బట్టి చూడుడు, ఇదే వింత కానవచ్చును.

గీతను నీటితో దడిపినచో అది మాయమై, నీరాఱగానే మరల వచ్చును. నీరు పల్లమును నింపి వెలుగు చెదరకుండ జేయుటయే కారణము. కొబ్బరినూనెయు, బజారున నమ్మెడు కొన్ని మెఱుగుసరుకులును చేయునది ఇంతమాత్రమే. రెండుమూడు మాఱులు కడుగగానే గీత యథాప్రకారము ప్రత్యక్షమగును. అయినను నీటివలన నొక మంచి పరీక్ష దొరకినది: తడిపినపుడు మాయమగు గీత క్లియర్ కోటులోనిదే. మఱియు గోటిని గీతకు అడ్డముగ మెల్లగా జరిపి చూడవలెను. గోరు తట్టుకొనినచో గీత లోతైనది. రుద్ది లాభము లేదు. అడుగున ప్రైమరుగాని రేకుగాని కానవచ్చినచో అది రంగు వేయువాని పని.

నిజముగా గీతను బాపుట యనగా పల్లమును పూడ్చుట గాదు. చుట్టునున్న వార్నీషును గీత యడుగువఱకు అరుగదీయుట. చేనిలో గుంటను పూడ్చలేక, చేనినే గుంటలోతునకు దింపినట్లు! క్లియర్ కోటులో ఎండను దట్టుకొను ద్రవ్యములు గలవు. అది మిక్కిలి పలుచనైనచో క్రిందిరంగు వెలిసిపోవును, పొర పెచ్చులుగ లేచును. ఏటేట యంత్రముతో పాలిషు పెట్టించువారు కారును బాగుచేయుచున్నామని తలంతురు గాని, వారు వడ్డీతో దృప్తిపడక అసలును వ్యయపఱచుచున్నవారు.

కాబట్టి గీతలు ఎక్కడనుండి వచ్చుచున్నవో విచారింపవలెను. మా యభిప్రాయమున మన దేశమందలి కార్లకు ప్రధానశత్రువు తెల్లవాఱుజామున చేతబట్టెడు పొడిగుడ్డ. మన వీధుల దుమ్ములో ఇసుకయున్నది. ఇసుకలో క్వార్ట్జు అను ఖనిజమున్నది. 1812లో జర్మను పండితుడు మోసు ఏర్పఱచిన కాఠిన్యపు కొలతలో దానికి 7. సామాన్యపు చాకు ఉక్కునకే ఇంచుమించు 5½. అట్టి రేణువులను గుడ్డక్రింద బెట్టి దినదినము ఈడ్చినచో వార్నీషు గతి యేమగును? పిమ్మట యజమాని డ్రైవరును గద్దించును. ఆ గుడ్డ యిచ్చి తుడువుమన్నది తానే యని మఱచును. దుమ్ముపట్టిన కార్లమీద వ్రేలితో తమ పేర్లు వ్రాయు బాలురు గూడ ఇది గమనింపవలెను. దుమ్ము కడిగినను ఆ పేరు ఎండలో చదువవచ్చును. వ్రాసిన దెవ్వరో విచారింప నక్కఱలేదు.

ఇక పని. కారును నీడలో నిలిపి, రేకు చల్లబడిన పిమ్మట మొదట ఏమియు రుద్దక విస్తారముగ నీరు పోయవలెను. తరువాత రెండు బొక్కెనలు పెట్టుకొని, ఒకదానిలోని షాంపూనీటితో పైనుండి క్రిందికి గడుగుచు, గుడ్డను రెండవదానిలో జాడించుచుండవలెను. ఆఱిన పిమ్మట చుట్టునున్న అంచులకును మడతలకును కాగితపు టేపు అంటింపవలెను. అచట వార్నీషు పలుచన. శుభ్రమైన మైక్రోఫైబరు గుడ్డమీద సెనగగింజంత సన్నపాలిషు వేసి, జానెడు మేరలోనే, మెల్లని యొత్తిడితో రెండు నిమిషములు రుద్ది, తుడిచి, వెలుగులో జూడవలెను. గుడ్డకు రంగంటినచో అది ఒంటిపొర రంగో, వార్నీషు తీఱిపోయినదో యని గ్రహించి వెంటనే చేయి నిలుపవలెను. గీత యింకను మిగిలినచో మరల నొకమాఱు. అప్పటికిని పోనిచో రబ్బింగ్ కాంపౌండు వాడవచ్చును గాని, అది మిగిల్చిన మసకను బాపుటకు సన్నపాలిషు తిరిగి పెట్టవలెను. 2000 నంబరు వాటర్ పేపరు, విద్యుద్యంత్రము అనుభవము గలవారి చేతనే యుండనిండు. ఇత్తడిచెంబును తోమెడు చింతపండు, బూడిద, ఇటుకపొడి కారుదగ్గఱకు రారాదు. దంతమంజనపు ముద్ద కొంత పనిచేయును గాని, అది పండ్లకై చేసినది, సమముగా నరుగదీయదు.

గీత సన్నమై, ఇరువదడుగుల దూరమున గానరాకున్నచో అంతటితో విడుచుట మేలు. చివరకు పలుచగా మైనము పట్టింపవలెను. అది గీతను మాన్పదు. కొన్ని వారములో నెలలో పైనుండి కాపు గాయును. ఆ తరువాత పక్షిరెట్ట పడినచో గోటితో గీకక, తడిగుడ్డను కొంతసేపు దానిమీద వేసియుంచి, నానిన పిమ్మట ఎత్తివేసి కడుగవలెను.