గొడ్ల చావిట్లో అంబాసిడర్
(గద్యభాగం - వ్యాసం)

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం విషయప్రధానమైన వ్యాస ప్రక్రియకు చెందింది. వృత్తిరీత్యా మెకానిక్కు కాని వ్యక్తి, అభిరుచితో ఇంటివద్దనే ఒక పాత కారును పునరుద్ధరించే విధానాన్ని ఇది వివరిస్తుంది. మోటారు వాహనాలతోపాటు మన భాషలోకి వచ్చిన అన్యదేశ్యాలు అనేకం. వాటిలో కొన్ని రూపం మార్చుకొని అచ్చ తెలుగు మాటలవలె స్థిరపడ్డాయి. పాఠం చదివేటప్పుడు విద్యార్థులు ఆ పదాలను ప్రత్యేకంగా గమనించాలి.

పాఠ్యాంశం

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా తరతరాలు పిలుచుకొన్న జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి మండలాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమయ్యాయి. జిల్లా పేరు మారింది గాని నేల స్వభావం మారలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందిన చోట వరి, అందని చోట పత్తి, మిరప పండుతాయి. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల బండ్లు మూలపడిన తరువాత ఇటువంటి ఊళ్ళలో ఎన్నో గొడ్ల చావిళ్ళు ఖాళీ అయ్యాయి. అలా ఖాళీ అయిన చావిట్లో, వరిగడ్డి మోపుల వెనుక, టైర్లు నేలకు అతుక్కొనిపోయిన అంబాసిడర్ కారు ఒకటి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంటి పెద్ద ఎప్పుడో కొన్నది, అమ్మడానికి మనసొప్పనిది, నడపడానికి వీలులేనిది.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో స్థాపితమైంది. తరువాత పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో కర్మాగారం నెలకొల్పింది. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో 1950ల చివరలో అంబాసిడర్ వెలువడింది. 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను దానికి చిరకాలం గుండెకాయ. కారు కోసం పేరు నమోదు చేయించుకొని సంవత్సరాల తరబడి ఎదురుచూసిన రోజులవి. మంత్రులకూ కలెక్టర్లకూ అదే వాహనం. పెళ్ళికొడుకు ఊరేగింపుకూ అదే. కాన్పు కష్టమైన తల్లిని పట్నం ఆసుపత్రికి చేర్చడానికీ అదే. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో ఉత్పత్తి నిలిచిపోయింది. కాబట్టి చావిట్లోని కారు పాడైతే అటువంటి కొత్తది మరొకటి రాదు.

అటువంటి కారును బాగుచేయాలనుకొనే వ్యక్తి ముందుగా ఇంజను వంక చూస్తాడు. అది సహజమే గాని సరైన పద్ధతి కాదు. ఇంజను ఎంత పాడైనా లాత్ షాపులో బాగుపడుతుంది. చూడవలసింది ఇనుప దేహాన్ని. లారీకి, జీపుకు అడుగున చట్రం వేరుగా ఉంటుంది; పైభాగం తుప్పుపట్టినా బలమంతా చట్రంలో ఉంటుంది. అంబాసిడర్‌కు అటువంటి వేరు చట్రం లేదు. నేల రేకులు, తలుపుల కింది పెట్టె కమ్ములు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పంజరమై బరువును మోస్తాయి. తలుపుల కింది కమ్ములు తుప్పుపట్టి డొల్లలయితే వెన్నెముక విరిగినట్లే. అప్పుడు తలుపుల సందుల్లో తాత్కాలికంగా ఇనుప కమ్మీలు అడ్డంగా వెల్డింగు చేయించకుండా పాత రేకును కోస్తే కారు మధ్యకు కుంగుతుంది. ఆ తరువాత ఏ తలుపూ సరిగా పడదు. ఈ పని అనుభవజ్ఞుడైన టింకరింగు మేస్త్రికి అప్పగించాలి. ఏ పని తాను చేయకూడదో తెలిసినవాడే మంచి ఔత్సాహికుడని నా అభిప్రాయం.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసిన చోట తుప్పు పుడుతుంది. సముద్రతీరంలో ఉప్పుగాలి ఈ చర్యను వేగిరపరుస్తుంది. ఆ దృష్టితో చూస్తే మెట్ట ప్రాంతపు పొడిగాలి కారుకు కొంత మేలు చేసింది. ఐతే వేసవి ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్ళు తీస్తుంది. తలుపుల అడుగున నీరు కారిపోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోతే వాననీరు లోపలే నిలిచి రేకును తినేస్తుంది. డిక్కీ అడుగు, మడ్‌గార్డుల లోపలి అంచులు, కాళ్ళకింది పట్టాల దిగువ కూడా తుప్పు దాగే తావులే. ఒక అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి కారుమీద మెల్లగా జరపాలి. అది పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉందన్నమాట. అమ్మేవాడి మాటకన్నా అయస్కాంతం నమ్మదగినది.

విప్పడం సులభం, బిగించడమే కష్టం. అందుచేత ప్రతి భాగాన్నీ విప్పకముందు ఒక ఛాయాచిత్రం తీయాలి. నేడు సెల్‌ఫోను ఉన్నది కనుక ఇది శ్రమ కాదు. నట్లు, బోల్టులు దేనివి దానికే డబ్బాలలో వేసి పేరు రాసిపెట్టాలి. ఒకే వరుసలో ఉన్న బోల్టులు పొడవులో తేడాగా ఉండవచ్చు. పొడవైన బోల్టు పొట్టిదాని తావులో బిగిస్తే లోపలి మర పగులుతుంది. వైర్లు కోయవలసి వస్తే రెండు కొసలకూ ఒకే అంకె అంటించాలి. చావిట్లో చాలాకాలం ఉన్న కారులో ఎలుకలు వైర్ల తొడుగులను కొరికి, సీట్లలోని కొబ్బరిపీచులో గూళ్ళు కట్టి ఉంటాయి. అటువంటి కారుకు బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం నిప్పుతో చెలగాటమే. పాత బ్రిటిష్ నమూనా కార్లలో కొన్నింటికి బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. తీగలు ఏ పద్ధతిలో ఉన్నాయో చూడకుండా బ్యాటరీ బిగించరాదు.

ఇక్కడ రెండు ప్రమాదాలను వివరంగా చెప్పాలి. మొదటిది కారును పైకెత్తడం. చేతిలో ఉన్నవి ఇటుకలు గనుక చక్రం విప్పి ఇటుకలు పేర్చి దానికింద దూరే అలవాటు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఉంది. ఇటుక బరువును మోస్తున్నట్లే ఉండి హఠాత్తుగా పగిలిపోతుంది. ఒక టన్నుకు పైగా బరువున్న కారు మనిషికి తప్పుకొనే వ్యవధి ఇవ్వదు. జాకీ ఎత్తడానికి మాత్రమే. నిలబెట్టడానికి ఇనుప స్టాండ్లు కావాలి. అవి గట్టి నేలపై ఉండాలి. కదలకుండా తక్కిన చక్రాలకు ముందూ వెనుకా చెక్కలు పెట్టాలి. రెండవది పెట్రోలు ట్యాంకు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరమన్నది వింతగా తోచవచ్చు. మండేది ద్రవం కాదు, ఆవిరి. ఖాళీ ట్యాంకులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. నిప్పురవ్వ తగిలితే అది బాంబువలె పేలుతుంది. చిల్లుపడిన ట్యాంకును ఇంటివద్ద వెల్డింగు చేయరాదు.

సంవత్సరాలుగా తిరగని ఇంజనులో పిస్టన్లు సిలిండరు గోడలకు పట్టేస్తాయి. అప్పుడు బలప్రయోగం పనికిరాదు. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరులో కొంచెం డీజిల్, కొంచెం ఇంజను ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు ఊరనివ్వాలి. తరువాత హ్యాండిల్‌తో అటు కొంచెం, ఇటు కొంచెం కదిలించాలి. ప్లగ్గులు తిరిగి బిగించకుండా ముందు ఇంజనును చేత్తో పూర్తిగా తిప్పి, పోసిన నూనెను బయటకు వెళ్ళగొట్టాలి. కదిలిన ఇంజను నీలిపొగ వదిలితే ఆయిల్ మండుతున్నదని గుర్తు. సిలిండరు అరుగుదల సాధారణంగా పైభాగంలో ఎక్కువ, అడుగున తక్కువ ఉంటుంది. గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారం దాలుస్తుంది. లాత్ షాపులో దాన్ని రీబోరు చేసి 0.020 అంగుళమో 0.040 అంగుళమో పెద్ద కొలతగల పిస్టన్లు వేస్తారు. ఈ ఇంజనులో మంటల వరుస 1, 3, 4, 2. ప్లగ్గు వైర్లు ఈ వరుస తప్పితే ఎంత చక్కగా బిగించిన ఇంజనైనా దగ్గి ఊరుకొంటుంది.

ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే దృశ్యాన్ని పెద్దలు చూసే ఉంటారు. చక్రంకన్నా కాస్త చిన్నదైన పట్టాను కమ్మరి మంటలో ఎర్రగా కాలుస్తాడు. వేడికి అది వ్యాకోచిస్తుంది. వెంటనే వడ్రంగి చేసిన చక్రంమీద దించి నీళ్ళు పోస్తే సంకోచించి చెక్కను బిగబట్టుకొంటుంది. మేకు అక్కరలేదు. అంబాసిడర్ ఇంజను వెనుక ఫ్లైవీలు చుట్టూ ఉండే పళ్ళ రింగును ఎక్కించే ఉపాయం కూడా అదే. ఐతే ఇక్కడ రింగును ఎర్రబడేంతగా కాల్చరాదు, కాలిస్తే పళ్ళ గట్టిదనం పోతుంది. కారు వెనుక బరువును మోసే ఉక్కు పట్టీల దొంతరను మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. విల్లువలె వంగి ఉంటుంది కనుక ఆ పేరు ఎంతో తగింది. పరిభాషను నిర్మించే పండితులు ఒక్కొక్కసారి మెకానిక్కు షెడ్డులకు వెళ్ళి రావడం మంచిది.

ఇంజను నడవకపోతే కారు ఇంట్లోనే ఉంటుంది. బ్రేకు పడకపోతే జగ్గయ్యపేట దాటి వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిమీద ఉంటుంది. అందువల్ల బ్రేకుల విషయంలో పొదుపు తగదు. మాస్టర్ సిలిండరు, చక్రాల వద్ద ఉండే సిలిండర్ల రబ్బరులు, గొట్టాలు చూపుకు బాగున్నా మార్చవలసిందే. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది; ఆ తేమ వల్ల లోపల తుప్పు పుడుతుంది. అది లేదని ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరులు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. పాత లైనర్లలో రాతినార ఉండవచ్చు. డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదడం, గాలిపంపుతో కొట్టడం ఊపిరితిత్తులకు హానికరం; తడిగుడ్డతో తుడవాలి. చివరగా గొట్టాల్లోని గాలిని తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు అన్నింటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. ఈ పని అంతా ముగిశాక ఒక వృత్తి మెకానిక్కుచేత పరీక్ష చేయించుకోవడం చిన్నతనం కాదు.

ఇంధనం గురించి ఒక కొత్త చిక్కు వచ్చింది. పెట్రోలులో ఇథనాల్ పాలును దేశంలో క్రమంగా 20 శాతానికి పెంచారు. పాతకాలపు రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని పొరను అది మెత్తబరుస్తుంది. నీటిని ఆకర్షించే గుణం దానికి ఉన్నందున, కదలక నిలిచిన కారు ట్యాంకు తుప్పుపడుతుంది. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు వేయాలి. కారును నెలల తరబడి కదపకుండా ఉంచరాదు.

విడిభాగాల కోసం మెట్ట ప్రాంతంవారు వెళ్ళే తావు విజయవాడలోని జవహర్ ఆటోనగర్. జగ్గయ్యపేట నుండి సుమారు 80 కిలోమీటర్లు. లారీలకు బాడీలు కట్టడంలో పేరుపొందిన ఆ నగర్‌లో రేడియేటరు పనివారు, కమాను కట్టలవారు, లాత్ పనివారు, పాత ఇనుము వ్యాపారులు ఉన్నారు. అక్కడ దొరకనివి చెన్నైలోని పుదుప్పేటలోనో, కోల్‌కతాలోని మల్లిక్ బజారులోనో దొరకవచ్చు. అరిగిన పాత భాగాన్ని వెంట తీసుకొనిపోవడం ఉత్తమం. అంబాసిడర్‌లో మార్కు-2, మార్కు-3, మార్కు-4 అని శ్రేణులు ఉన్నాయి. పేరు చెప్పి తెచ్చినది అమరకపోవచ్చు.

కాగితాల పని యంత్రపు పనికన్నా ఓర్పును కోరుతుంది. డీజిల్ చవకగా ఉన్న కాలంలో చాలామంది పెట్రోలు ఇంజను తీసివేసి డీజిల్ ఇంజను అమర్చారు. ఆ మార్పు రిజిస్ట్రేషను పత్రంలో నమోదు కాకపోతే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమానికి ఇబ్బంది తప్పదు. కనుక ఖర్చు మొదలుపెట్టకముందే ఇంజను, ఛాసిస్ అంకెలను పత్రంతో సరిచూడాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు అయిదేళ్ళకోసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను కొనసాగించుకోవాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసింది. వాటికి 'వి.ఎ.' అక్షరాలతో పదేళ్ళ రిజిస్ట్రేషను ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు. ఐతే వాటిని నిత్య వినియోగానికి, కిరాయికి నడపరాదు; వాటి మౌలిక స్వరూపంలో పెద్ద మార్పులు చేసి ఉండరాదు.

ఈ చివరి నియమం ఒక చర్చకు తావిస్తుంది. పునరుద్ధరణ అంటే కొత్తదానివలె మెరిపించడమా, ఉన్నదాన్ని నిలపడమా? హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ నిజాము దర్పానికి గుర్తుగా తయారైంది; దానికి మెరుపే అందం. మరోవైపు 1982లో ఎన్.టి. రామారావు ప్రచారానికి వాడిన చైతన్య రథం, పాత షెవర్లే వ్యానును పూర్తిగా మార్చి చేసింది. ఆ మార్పే నేడు దాని చరిత్ర. చావిట్లోని అంబాసిడర్ ఈ రెంటికీ చెందదు. స్టీరింగు చక్రంమీద చేతులు పట్టిన చోట నునుపుదేలిన అరుగుదల, డాష్‌బోర్డుమీద ఎవరో అంటించిన దేవుడి పటం తీసివేస్తే తిరిగి రావు. రక్షణకు సంబంధించినవన్నీ కొత్తవి వేసి, కంటికి సంబంధించినవాటిని వీలైనంతవరకు ఉంచడమే నాకు ఉచితంగా తోస్తుంది. ఆ ఇంటివారు మరొకలా తలచవచ్చు, కారు వారిది.

రీబోరు చేసిన ఇంజనును మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. బరువు ఎక్కించరాదు. ఒకే వేగంతో ఎక్కువసేపు పోనివ్వరాదు. ఆ తరువాత తీసిన ఆయిల్‌ను తెల్లని పళ్ళెంలో పోసి చూస్తే కొత్త రింగులు ఒరుసుకొన్న సన్నని ఇనుపరజను అడుగున మెరుస్తూ కనిపిస్తుంది. రెండవసారి ఆయిల్ మార్చినప్పుడు ఆ మెరుపు తగ్గి ఉండాలి.

అర్థాలు

చావిడి = పశువులను కట్టివేసే పాక
ఔత్సాహికుడు = అభిరుచితో పనిచేసేవాడు
వ్యాకోచించు = విస్తరించు, పెరుగు
సంకోచించు = కుంచించుకొనిపోవు
దొంతర = ఒకదానిపై ఒకటిగా పేర్చిన వరుస
రాతినార = ఆస్బెస్టాస్
రజను = పొడి

ప్రశ్నలు

1. అంబాసిడర్ కారులో ఇంజనుకన్నా ముందుగా దేహాన్ని పరీక్షించాలని రచయిత ఎందుకు అన్నాడు?
2. ఎద్దుల బండి చక్రానికీ ఫ్లైవీలు రింగుకూ గల పోలికను, భేదాన్ని వివరించండి.
3. 'కమాను కట్ట' వంటి పనివారి పదాలను మీ ప్రాంతంలో సేకరించి, వాటి వ్యుత్పత్తిని ఊహించి రాయండి.
4. పాత వస్తువును ఉన్నదున్నట్లు నిలపడం, కొత్తదానివలె మార్చడం - ఈ రెంటిలో మీరు దేనిని సమర్థిస్తారు?